బరువు పికప్‌లో బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడితే: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

కాలు ఆనిస్తే చాలు ఆగే బండి, ఒకరోజు ఒళ్లంతా బిగబట్టి తొక్కినా జారుకుంటూ పోయి ఎప్పటికో ఆగుతుంది. పెడల్ మాత్రం అంగుళం కూడా దిగదు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500, సిల్వరాడో 2500 తరహా మూడు టన్నుల పికప్‌లలో ఇది ఎదురైతే చాలామంది మొదట చేసేది ఎయిర్ తీయడం. దానివల్ల ఆయిలూ శ్రమా దండగ. లైన్లో గాలి చేరితే పెడల్ మెత్తబడి స్పాంజిలా లోపలికి పోతుంది. గట్టిపడదు.

పెడల్ గట్టిపడిందంటే కారణం మూడింటిలో ఒకటి. కాలికి తోడుండాల్సిన బూస్టర్ సాయం చేయట్లేదు. లేదా కాలి బలం చక్రం దాకా చేరే దారిలో ఏదో పట్టేసింది. లేదా బలం చేరుతోంది గానీ లైనర్ (బ్రేక్ ప్యాడ్) డిస్కును పట్టట్లేదు. ఈ మూడింటిలో ఏదో తేలకముందే సామాను కొంటే, బూస్టరూ, పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండరూ, చక్రం దగ్గర లైనర్‌ను నొక్కే కాలిపర్లూ అన్నీ మార్చినా పెడల్ అలాగే ఉండొచ్చు. తేల్చుకోవడానికి కావలసినవి ఒక వాక్యూమ్ గేజ్, ఒక టార్చి, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి, ఓ పూట సమయం.

పరీక్షల్లో ఎక్కువ భాగం బండి నిలబెట్టి చేసేవే. చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టండి. పైకి లేపితే జాకీ మీద వదిలేయకుండా బరువుకు తగ్గ స్టాండ్లు వేయండి. పెడల్ గట్టిగా ఉన్న బండిని "కాస్త తోలి చూద్దాం" అని రోడ్డెక్కించకండి. ఖాళీ బండినైతే కాలి బలంతో ఎలాగో ఆపగలరు. వెనక లోడు ఉంటే ఆ ధైర్యం పనికిరాదు.

ముందు మీ బండిలో ఏ బూస్టర్ ఉందో చూడండి

బానెట్ ఎత్తి, డ్రైవర్ వైపు మాస్టర్ సిలిండర్ వెనక చూడండి. నల్లటి రేకు డ్రమ్ము, దానికి బొటనవేలంత లావు రబ్బరు హోస్ ఒకటి ఉంటే అది వాక్యూమ్ బూస్టర్. డ్రమ్ము లేకుండా పోతపోసిన లోహపు దిమ్మ, దానికి స్టీరింగ్ ఆయిల్ పైపులు మూడు, ఒక పక్కన ఒత్తిడిని నిల్వ చేసే చిన్న డబ్బాలాంటి అక్యుములేటర్ కనిపిస్తే అది హైడ్రో-బూస్ట్. 1973 నుంచి వాడుకలో ఉన్న ఈ ఏర్పాటు పవర్ స్టీరింగ్ పంపు ఒత్తిడినే బ్రేక్‌కు వాడుకుంటుంది. కొన్ని కొత్త బండ్లలో ఈ రెండూ ఉండవు, మోటారుతో నడిచే ఎలక్ట్రిక్ బూస్టర్ ఉంటుంది. అందులో పెడల్ గట్టిపడితే డ్యాష్‌బోర్డులో లైటు కూడా వెలుగుతుంది. స్కానర్ పెట్టి కోడ్ చదవందే దాన్ని విప్పకండి.

డీజిల్ ఇంజిన్‌కు పెట్రోల్ ఇంజిన్‌లాంటి థ్రాటిల్ అడ్డు లేదు కాబట్టి ఇన్‌టేక్‌లో తగినంత వాక్యూమ్ పుట్టదు. విడిగా వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా హైడ్రో-బూస్ట్ పెట్టాలి. బరువు బండ్లలో రెండోది ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం చోటు. వాక్యూమ్‌తో ఎక్కువ బలం రావాలంటే డ్రమ్ము పెద్దది కావాలి. స్టీరింగ్ పంపు ఒత్తిడి వంద రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి చిన్న దిమ్మే సరిపోతుంది.

బూస్టర్ సాయం ఎంతో ఒక లెక్కతో తెలుస్తుంది. వాక్యూమ్ బూస్టర్ డ్రమ్ములో ఉండే 25 సెంటీమీటర్ల వెడల్పున్న రబ్బరు పొర, అంటే డయాఫ్రం, వైశాల్యం సుమారు 490 చదరపు సెంటీమీటర్లు. దానికి ఒక వైపు 20 అంగుళాల వాక్యూమ్ (పాదరసపు అంగుళాల్లో కొలత), రెండో వైపు బయటి గాలి ఉంటే దాదాపు 340 కిలోల తోపు పుడుతుంది. వాక్యూమ్ 10 అంగుళాలకు పడిపోతే ఆ తోపు 170 కిలోలకు దిగుతుంది. మిగతాది మీ కాలే భరించాలి. పైగా బూస్టర్ ఉన్న బండ్లలో పెడల్ మీటను బూస్టర్ లేని బండ్ల మీట కంటే తక్కువ రెట్టింపు ఇచ్చేలా తయారుచేస్తారు. అందుకే బూస్టర్ ఆగిపోయిన బండి, అసలు బూస్టరే లేని పాత బండి కంటే గట్టిగా అనిపిస్తుంది.

రెండు నిమిషాల పరీక్ష

ఇంజిన్ ఆపి ఉంచి, పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కండి. వాక్యూమ్ బూస్టర్‌కు నాలుగైదు సార్లు చాలు, హైడ్రో-బూస్ట్‌కు ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఇప్పుడు పెడల్ మీద మామూలు బలంతో కాలు ఆనించి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి.

వాక్యూమ్ బూస్టర్ బాగుంటే, ఇంజిన్ అందుకున్న ఒకటి రెండు సెకన్లలో పెడల్ కాలి కింద కొంచెం దిగుతుంది. హైడ్రో-బూస్ట్ బాగుంటే పెడల్ ముందు దిగి, ఆ వెంటనే కాలిని కాస్త పైకి నెడుతుంది. ఆ తిరుగు నెట్టుడు తప్పు కాదు. దాని గుర్తే అది.

పెడల్ అస్సలు కదలకపోతే బూస్టర్‌కు బలం అందట్లేదు, లేదా బూస్టరే పాడైంది. పెడల్ చక్కగా దిగినా బండి ఆగకపోతే బూస్టర్ జోలికి పోకండి. చక్రాల దగ్గరే వెతకాలి, దాని గురించి కింద ఉంది. చూడటానికి చిన్న పరీక్షే గానీ, సగం మంది కొనే అక్కర్లేని బూస్టర్లను ఇదొక్కటే ఆపుతుంది.

వాక్యూమ్ బూస్టర్ అయితే

బూస్టర్ కొనేముందు దానికి అందే వాక్యూమ్ కొలవాలి. బూస్టర్ వైపు హోస్ విప్పి, మధ్యలో 'T' ఆకారపు ముక్క పెట్టి గేజ్ తగిలించండి. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నడుస్తుంటే, సముద్రమట్టానికి దగ్గర ప్రాంతంలో పెట్రోల్ బండికి 18 నుంచి 21 అంగుళాలు రావాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. కొండ మీద 15 చూపిస్తే కంగారు పడక్కర్లేదు. వాక్యూమ్ పంపు ఉన్న డీజిల్‌లో ముల్లు కొద్ది సెకన్లలోనే 20 దాటాలి. మెల్లగా పాక్కుంటూ ఎక్కితే పంపు అరిగింది, లేదా ఎక్కడో లీకుంది.

గేజ్‌ను ఇంజిన్ దగ్గర ఒకసారి, బూస్టర్ దగ్గర ఒకసారి పెట్టి పోల్చండి. ఇంజిన్ దగ్గర 20 ఉండి బూస్టర్ దగ్గర 12 ఉంటే తప్పు మధ్యలో ఉన్న హోస్‌లోనే. పాత హోస్ పైకి నల్లగా మెరుస్తూ బాగానే కనిపిస్తుంది. కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంటుంది. ఇంజిన్ ఊపిరి పీల్చగానే ఆ నాలుక దారిని మూసేస్తుంది, ఇంజిన్ ఆపగానే తిరిగి తెరుచుకుంటుంది. అందుకే విప్పి నోటితో ఊదితే గాలి హాయిగా పోతుంది, తప్పు దొరకదు. ఇంజిన్ నడుస్తుండగా హోస్‌ను పొడవునా చేత్తో తడిమి, ఎక్కడైనా చదునుగా అణిగిందేమో చూడండి. మార్చేటప్పుడు వాక్యూమ్‌కు తట్టుకునే హోస్ వేయండి. హీటర్ నీళ్ల హోస్ లోపలి నుంచి తోసే ఒత్తిడికి చేసింది, పీలిస్తే అణిగిపోతుంది.

హోస్ బూస్టర్‌లోకి దూరే చోట గాలిని ఒకే దిక్కుకు వదిలే నాన్-రిటర్న్ వాల్వ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, పెడల్ ముట్టకుండా ఐదు నిమిషాలు ఆగి, వాల్వ్‌ను మెలితిప్పుతూ రబ్బరు గ్రోమెట్ నుంచి లాగండి. గట్టిగా బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోతే బూస్టరూ వాల్వూ రెండూ వాక్యూమ్‌ను నిలబెట్టాయన్న మాట. చప్పుడే లేకపోతే ముందు వాల్వ్ చూడండి. ఇంజిన్ వైపు నుంచి ఊదితే గాలి పోకూడదు, బూస్టర్ వైపు నుంచి ఊదితే పోవాలి. గ్రోమెట్ ఎండి పగిలితే దాన్ని మార్చాల్సిందే. సబ్బునీళ్లు రాస్తే కొత్తది సులువుగా కూర్చుంటుంది.

ఇవన్నీ బాగుంటే డయాఫ్రం వంతు. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, తొక్కినట్టే ఉంచి ఇంజిన్ ఆపండి. 30 సెకన్లు కాలు కదలకూడదు. పెడల్ పైకి లేస్తూ వస్తే బూస్టర్ లోపల లీకుంది. ఇంకో గుర్తు శబ్దం. పెడల్ తొక్కే క్షణంలో చిన్నగా బుస్సుమనడం మామూలే, గాలి లోపలికి వెళ్లే చప్పుడు అది. కాలు కదపకుండా పట్టుకున్నా బుస ఆగకపోతే, దానితో పాటు ఇంజిన్ ఐడిల్ కూడా తడబడుతుంటే, డయాఫ్రం చిరిగిందని నమ్మొచ్చు.

బూస్టర్ పాడైందని తేలినా, ఎందుకు పాడైందో చూడకుండా కొత్తది బిగించకండి. మాస్టర్ సిలిండర్ రెండు నట్లు వదులు చేసి, పైపులు విప్పకుండానే కాస్త ముందుకు లాగి, వెనక చూడండి. అక్కడ తడిగా ఉండి, బూస్టర్ రంగు బుడగలు కట్టి పెచ్చులూడుతుంటే మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి కారుతోంది. బయట ఎక్కడా లీకు కనిపించకుండా రిజర్వాయర్ మట్టం తగ్గిపోవడానికి ఇదే కారణం. ఆ ఆయిలే డయాఫ్రంను తినేసింది. రెండూ కలిపి మార్చాలి.

పంపు ఉన్న బండ్లలో మరో చిక్కుంది. ఆ పంపు బ్రేక్ ఒక్కదానికే పనిచేయకపోవచ్చు. టర్బో యాక్చుయేటర్‌కు, ఏసీ తలుపులకు, కొన్నిట్లో ఫోర్-వీల్ హబ్‌లకు అక్కణ్ణుంచే సన్న ట్యూబులు పోతాయి. ఎక్కడో చిన్న ట్యూబ్ ఊడినా బ్రేక్ వాటా తగ్గుతుంది. ఒక్కో కొమ్మనూ వేలితోనో ప్లగ్గుతోనో మూస్తూ గేజ్ చూడండి. దేన్ని మూస్తే ముల్లు ఎగబాకిందో లీకు ఆ కొమ్మలోనే.

వాక్యూమ్ పంపు మెల్లగా అరగడం అరుదైన సంగతి కాదు. 2019 సెప్టెంబరులో జనరల్ మోటార్స్ అమెరికాలో 2014–2018 నమూనాల సిల్వరాడో, సియెర్రా, ఇంకా కొన్ని పెద్ద బండ్లు దాదాపు 34 లక్షలను రీకాల్ చేసింది. వాటిలో ఇంజిన్ తిప్పే వాక్యూమ్ పంపు కాలక్రమంలో నీరసించి పెడల్ గట్టిపడుతోందన్నదే కారణం. పరిష్కారంగా పంపు మార్చలేదు. వాక్యూమ్ తగ్గినప్పుడు బ్రేక్ లైన్లలో హైడ్రాలిక్ సాయం పెరిగేలా బ్రేక్ మాడ్యూల్ ప్రోగ్రాంను మార్చారు. ఆ కాలపు బండి వాడుతున్నవారు ఆ పని తమ బండికి జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో సరిచూసుకోవాలి.

హైడ్రో-బూస్ట్ అయితే ముందు స్టీరింగ్‌ను అడగండి

పంపు నుంచి వచ్చే ఆయిల్ ముందు బూస్టర్‌లోకి, అక్కణ్ణుంచి స్టీరింగ్ బాక్సుకు పోయి, తిరిగి రిజర్వాయర్‌కు చేరుతుంది. బ్రేకూ స్టీరింగూ ఒకే పంపు నీళ్లు తాగుతాయన్న మాట. కాబట్టి స్టీరింగ్ చక్రం తిప్పి చూస్తే సగం జబ్బు తేలుతుంది.

రెండూ గట్టిగా ఉంటే పంపు వైపు తప్పు: మట్టం, బెల్టు, లేదా పంపే. స్టీరింగ్ వేలితో తిరిగేంత తేలికగా ఉండి బ్రేక్ మాత్రమే గట్టిగా ఉంటే బూస్టర్‌నే అనుమానించాలి. విడివిడిగా రెండూ బాగుండి, ఐడిల్‌లో బ్రేక్ తొక్కుతూ చక్రం తిప్పినప్పుడు రెండూ బిగుసుకుంటే పంపు ప్రవాహం చాలట్లేదు. అలా తిప్పినప్పుడు పిసరంత బరువెక్కడం మంచి బండిలోనూ ఉంటుంది. తిరగనంటూ మొరాయిస్తేనే లెక్కలోకి తీసుకోండి.

రిజర్వాయర్ మూత తీసి ఆయిల్ చూడండి. నురగ ఉంటే పంపు ఎక్కడో గాలి పీలుస్తోంది. సాధారణంగా రిజర్వాయర్ నుంచి పంపుకు వచ్చే హోస్ క్లిప్పు దగ్గరే అది జరుగుతుంది. నల్లబడి మాడు వాసన వస్తే ఆయిల్ కాలిపోయింది. వేళ్ల మధ్య రుద్దితే వెండి పొడిలా మెరిస్తే పంపు లోపల అరిగిపోతోంది. ఆ పొడే బూస్టర్‌లో ఆయిల్ దారిని మార్చే స్పూల్ వాల్వ్‌ను పట్టేస్తుంది. చాలా రిజర్వాయర్ల అడుగున జల్లెడ ఉంటుంది. అది మూసుకుపోతే కొత్త పంపు కూడా మూలుగుతుంది. జల్లెడ విడిగా రాని రిజర్వాయర్‌ను కడగాలని తంటాలు పడేకంటే మార్చేయడం నయం.

బెల్టును చేత్తో నొక్కి మాత్రమే వదిలేయకండి. లోపలి వైపు అద్దంలా మెరుస్తోందా, పగుళ్లున్నాయా చూడండి. వానలో లేదా నీళ్లు చిమ్మినప్పుడే పెడల్ గట్టిపడుతుంటే బెల్టు జారుతోందని దాదాపు ఖాయం.

తర్వాత అక్యుములేటర్ నిల్వ పరీక్ష. ఇది ఈ వరుసలో చేయండి:

1. ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను ఒక కొసకు తిప్పి పట్టుకోండి. ఐదు సెకన్లకు మించి వద్దు, పంపు వేడెక్కుతుంది.
2. వదిలి ఇంజిన్ ఆపండి. ఇప్పుడు పెడల్ తొక్కితే రెండు మూడు సార్లు మెత్తగా, సాయంతో దిగాలి. ఆ తర్వాతే గట్టిపడాలి.
3. మొదటి దశలోలా మళ్లీ నింపి, ఇంజిన్ ఆపి, పెడల్ ముట్టకుండా గంటసేపు ఆగండి. అప్పుడు తొక్కినా అంతే సాయం ఉండాలి.

రెండో దశలో సాయం లేకపోతే అక్యుములేటర్‌లో నిల్వ చేరట్లేదు. రెండోది బాగుండి మూడోది తప్పితే నిల్వ లోపల్లోపల కారిపోతోంది. అయితే, అక్యుములేటర్ పాడైతే ఇంజిన్ ఆగాక మిగిలే సాయం మాత్రమే పోతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పెడల్ గట్టిగా ఉండటానికి అది కారణం కాదు. ఈ తేడా పట్టించుకోక అక్యుములేటర్ మార్చి, పెడల్ అలాగే ఉందని వాపోయేవాళ్లు ఎక్కువ. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, కాల్చకండి, రంధ్రం చేయకండి. లోపల గ్యాసో స్ప్రింగో గట్టి ఒత్తిడిలో ఉంటుంది. ఏ పైపు వదులు చేసే ముందైనా, ఇంజిన్ ఆపి పెడల్ రాయి అయ్యేదాకా ఇరవై సార్లు తొక్కి ఆ ఒత్తిడిని దించాలి.

తప్పు పంపుదా బూస్టర్‌దా అని ఇంకా తేలకపోతే, రెండింటి మధ్య 2,000 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) దాకా చూపే గేజ్, మూసే వాల్వ్ ఉన్న సెట్ పెట్టాలి. వాల్వ్ మూయగానే మంచి పంపు ఈ తరహా బండ్లలో చాలావరకు 1,200 నుంచి 1,500 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది. కచ్చితమైన అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఇక్కడా ఐదు సెకన్ల నియమమే. గేజ్ నిండుగా చూపించి పెడల్ గట్టిగానే ఉంటే ఇక బూస్టర్ మార్చడానికి వెనకాడక్కర్లేదు.

బ్రేక్ వదిలినా పెడల్ నెమ్మదిగా లేస్తుంటే, లేదా తొక్కకుండానే బ్రేకులు పట్టుకుంటుంటే బూస్టర్ నుంచి రిజర్వాయర్‌కు తిరిగొచ్చే హోస్ చూడండి. అది మెలిపడినా నలిగినా ఆయిల్ వెనక్కి పోలేక బూస్టర్‌లో ఒత్తిడి నిలిచిపోతుంది. దీనికి కొత్త బూస్టర్ అక్కర్లేదు. హోస్ సరిచేస్తే చాలు.

మాస్టర్ సిలిండర్‌కూ బూస్టర్‌కూ మధ్య తడి కనిపిస్తే అది ఏ ఆయిలో తేల్చాలి. తెల్ల కాగితంతో తుడిచి నీళ్ల గిన్నెలో ముంచండి. నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిల్, అంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది. పైన జిడ్డు తెట్టులా తేలితే స్టీరింగ్ ఆయిల్, అంటే బూస్టర్ సీలు పోయింది. క్యాబిన్‌లో పెడల్ రాడ్ మీద కారితే అది బూస్టర్ వెనక సీలు.

ఈ రెండు ఆయిళ్లూ ఒకదాని రిజర్వాయర్‌లో ఇంకోటి పడకూడదు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గ్లైకాల్ జాతివి. స్టీరింగ్ ఆయిల్ ఖనిజ తైలం జాతిది. ఒక్క గరాటు రెండింటికీ వాడినా, బ్రేక్ వైపు రబ్బర్లు ఉబ్బిపోతాయి. బ్రేక్ రిజర్వాయర్ మూత తీసినప్పుడు లోపలి రబ్బరు ముడతలు పడి, ఉబ్బి, తిరిగి మూతలో ఇమడకపోతే ఆ తప్పు అప్పటికే జరిగిపోయింది. అప్పుడు మాస్టర్, కాలిపర్ సీళ్లు, హోస్‌లు, ఏబీఎస్ యూనిట్ దాకా రబ్బరున్నవన్నీ అనుమానితాలే. స్టీరింగ్ వైపు కూడా మూత మీద రాసిన ఆయిలే పోయండి. రామ్ బండ్లలో ఎక్కువగా ఏటీఎఫ్+4, ఫోర్డ్‌లో మెర్కాన్ తరగతులు, జనరల్ మోటార్స్‌లో పవర్ స్టీరింగ్ ఆయిల్ అడుగుతారు.

కొత్త బూస్టర్ పెట్టాక లైన్లన్నీ కడిగి, కొత్త ఆయిల్ నింపి, ముందు చక్రాలు పైకెత్తి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు 15–20 సార్లు తిప్పండి. మట్టం తగ్గినప్పుడల్లా నింపండి. తర్వాత స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కుతూ తిప్పండి. నురగ వస్తే ఇంజిన్ ఆపి గంటసేపు వదిలేస్తే గాలి తనంతట తానే పైకి తేలుతుంది. తొందరపడి నురగతోనే నడిపితే కొత్త పంపుకు చేటు.

బూస్టర్ బాగానే ఉంది, పెడల్ ఇంకా గట్టిగానే ఉంది

అన్నింటికంటే చవకైన అనుమానం పెడల్ కీలు. బూస్టర్ రాడ్ పిన్ను తీసి పెడల్‌ను చేత్తో ఊపితే వదులుగా ఊగాలి. బుష్ ఎండి తుప్పు పట్టిందేమో ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత హోస్‌లు. ఒకరు పెడల్ నొక్కి ఉంచితే ఇంకొకరు ఒక్కో చక్రం దగ్గర బ్లీడర్ (ఆయిల్, గాలి బయటికి వదిలే స్క్రూ) వదులు చేయాలి. ఆయిల్ బలంగా చిమ్మాలి, పెడల్ దిగాలి. ఏ చక్రం దగ్గరైనా చుక్కలుగా కారితే, ఆ హోస్‌ను ఇనుప పైపుతో కలిసే చోట వదులు చేసి చూడండి. అక్కడ బలంగా వచ్చి కాలిపర్ దగ్గర రాకపోతే హోస్ లోపల మూసుకుపోయింది. హోస్‌ను పట్టుకునే ఇనుప బ్రాకెట్ లోపల తుప్పు పొర పెరిగి రబ్బరును పిసికేయడం ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగే బండ్లలో మామూలు. పై నుంచి చూస్తే బ్రాకెట్ బాగానే కనిపిస్తుంది. హోస్‌లు ఎప్పుడూ జతగా మార్చండి.

ఇక కాలిపర్లు. బండిని ఆరేడు కిలోమీటర్లు తక్కువ వేగంతో, గట్టిగా బ్రేకులు వేయకుండా నడిపి (పెడల్ ఓ మోస్తరుగానైనా పనిచేస్తేనే, ఖాళీ స్థలంలోనే) ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు డిస్కుల వేడి కొలవండి. ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమలకు పెద్ద తేడా ఉంటే, వేడిది వదలట్లేదు, చల్లనిది పట్టట్లేదు. చల్లటిదాన్ని విప్పండి. కాలిపర్ అటూ ఇటూ జారే గైడ్ పిన్ను లాగితే బూట్ లోంచి గ్రీజు మెరుపుతో జారిరావాలి. ఎర్రటి తుప్పు పొడితో కీచుమంటూ వస్తే ఒక వైపు లైనరే పనిచేస్తోంది. అలాంటి కాలిపర్‌లో బయటి లైనర్ సగం మందంగా మిగిలి, లోపలిది ఇనుము దాకా అరిగి ఉంటుంది. పిస్టన్‌ను సీ-క్లాంప్‌తో మెల్లగా నొక్కితే వెనక్కి పోవాలి. బలవంతంగా తోయాల్సి వస్తే పిస్టన్ పట్టేసింది.

లైనర్ ముఖం అద్దంలా మెరిస్తే అది వేడికి గాజుబారింది. రాపిడి లేని లైనర్‌ను ఎంత నొక్కినా బండి ఆగదు, పెడల్ గట్టిగా అనిపిస్తుంది. గరుకు కాగితంతో రుద్దడం తాత్కాలికమే. కొత్తవి వేసి పట్టు కుదిర్చాలి: 30 మైళ్ల వేగం నుంచి, అంటే సుమారు 50 కిలోమీటర్ల నుంచి, నెమ్మదిగా 30 సార్లు ఆపుతూ, ప్రతి రెండింటి మధ్యా 30 సెకన్లు చల్లారనివ్వాలి. ఇది చేయకుండా కొత్త లైనర్లతో నేరుగా లోడు తోలినవాళ్లే వారం తిరక్కుండా పెడల్ గట్టిదని తిరిగొస్తారు.

మొదట బాగుండి, నడుస్తున్న కొద్దీ పెడల్ గట్టిగా, ఎత్తుగా మారి బ్రేకులు పట్టేస్తుంటే బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నెట్టే పుష్ రాడ్ పొడవెక్కువైంది. మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ తిరిగివెళ్లే చిన్న రంధ్రం మూసుకుని ఉండిపోతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కు దారి లేక బ్రేకులు తమంతట తామే బిగుస్తాయి. తేల్చడం తేలికే: పట్టేసిన సమయంలో మాస్టర్ సిలిండర్ నట్లు వదులు చేసి రెండు మిల్లీమీటర్ల వాషర్లు దూర్చేంత ముందుకు లాగండి. బ్రేకులు వెంటనే వదిలేస్తే రాడ్ పొడవే తప్పు. బూస్టర్ కొత్తగా మార్చాకే ఇది మొదలైతే అనుమానమే అక్కర్లేదు. వాషర్లు పరీక్షకే, అలాగే వదిలేయకండి. రాడ్ సర్దండి.

కొన్ని పాత పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి ఒక రాడ్ లోడ్ వాల్వ్‌కు వెళ్తుంది. లోడు వేస్తే వెనక భాగం కిందికి దిగి, వాల్వ్ వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. బండిని ఎత్తు పెంచే కిట్ వేసినప్పుడు ఆ రాడ్‌ను సర్దకపోతే, ఎంత లోడున్నా వాల్వ్ బండి ఖాళీగా ఉందనే అనుకుంటుంది. అదే చేత్తో పెద్ద టైర్లు కూడా వేసి ఉంటే బ్రేక్‌కు పని ఇంకా పెరుగుతుంది. అలాంటి బండిలో విడి భాగాలన్నీ బాగానే ఉండి, కాలు మాత్రం నొప్పెడుతుంది. ట్రైలర్ లాగుతున్నప్పుడే పెడల్ బరువనిపిస్తే ట్రైలర్ బ్రేకులు, వాటి కంట్రోలర్ పనిచేస్తున్నాయా చూడండి. ట్రైలర్ తోపు మొత్తం పికప్ బ్రేకుల మీదే పడుతుండొచ్చు.

పని ముగిశాక రెండు నిమిషాల పరీక్ష మళ్లీ చేయండి. పెడల్ రాడ్ పిన్ను తీసి బిగించినట్టయితే బ్రేక్ లైటు స్విచ్ కూడా చూడాలి. స్విచ్ ముందుకు జరిగి పెడల్‌ను పూర్తిగా పైకి లేవనీయకపోతే, పైన చెప్పిన పొడుగు పుష్ రాడ్ జబ్బే మళ్లీ వస్తుంది. బండి వెనక ఒకరిని నిలబెట్టి, పెడల్ మీద కాలు పూర్తిగా తీసినప్పుడు లైటు ఆరుతోందో లేదో అడగండి. ఆరకపోతే స్విచ్ పెడల్‌కు దూరంగా ఉంది, పెడల్ పూర్తిగా పైకి లేచేలా చూసుకుంటూ ఒక మెట్టు పెడల్ వైపు జరపాలి.